ఎడమచేతి కుట్టు

మస్తాన్‌బీ నోరు మంచిది కాదు. ఈ ముక్క మొదట్లోనే చెప్పేస్తే తరవాత ఎవరూ నొచ్చుకోరు. పొదిలికి ఆరు మైళ్ళ అవతలున్న ఆ ఊళ్ళో ఆమె చేత తిట్లు తినని గడప లేదు. పాలవాణ్ణి తిట్టింది, పంచాయతీ సెక్రటరీని తిట్టింది, కరెంటు లైన్‌మన్‌ని స్తంభం మీద ఉండగానే తిట్టింది. దిగేదాకా అయినా ఆగమ్మా అని అతగాడు పైనుంచి బతిమాలుకున్నాడు. ఆమె నోట్లో పడేకంటే మిరపకళ్ళంలో పొర్లడం నయమని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట ఆమె చెవినా పడింది. పొర్లమనండి, ఎవరొద్దన్నారు అంది.

నోరు అలాంటిదైనా చెయ్యి మాత్రం బంగారం. నూర్‌బాషాల ఇంటి పిల్ల, దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతలనాటి పని. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తండ్రి బెత్తంతో కొట్టి కొట్టి అన్నం కుడిచేత్తో తినడం నేర్పగలిగాడు గానీ, దబ్బనం మాత్రం కుడిచేతికి మార్పించలేకపోయాడు. అందువల్ల ఆమె వేసిన కుట్టు ఎడమకి వాలి ఉంటుంది. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఏ పరుపు అంచుమీద వేలు రాసినా, అది తన కుట్టో కాదో కళ్ళు మూసుకుని చెప్పేసేది. మిరపకాయ ఇంటికొచ్చి చేతులు ఖాళీ అయ్యాక, ఎండాకాలంలో జనం పాత పరుపులు నెత్తిన పెట్టుకుని ఆమె ముంగిట్లోకి తెచ్చేవాళ్ళు. గలీబు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండబెట్టి, కర్రతో బాది, మళ్ళీ ఏకి, మళ్ళీ కుట్టాలి. తిట్లు తింటూనే తెచ్చేవాళ్ళు. వేరే ఎవరు కుట్టినా ఏడాదికే గుంటలు పడేవి మరి.

ఆమె మొగుడు బుడే మెతక మనిషి. పచ్చపురుగు పత్తిని ఊడ్చిపెట్టేసిన ఏడాది, కౌలుకి తీసుకున్న మూడెకరాలూ కళ్ళ ముందే పోయాయి. బుడే మాట్లాడటం మానేశాడు. నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిగాడనుకుంది మస్తాన్‌బీ. మగాడికి ఇంత అలకేమిటని తిట్టింది కూడా. అయిదో రోజు చేనుగట్టు మీద మందు తాగి పడిపోయాడు. కొడుకు నజీర్‌కి అప్పుడు పదిహేనేళ్ళు. ఆ మందు వాసన ఆమె ముక్కులో ఇరవై మూడేళ్ళుగా అలాగే ఉండిపోయింది. మొగుడు పోయాకే నోరు ఇలా తయారైందని కొందరంటారు. కాదు, పుట్టుకతోనే అంతని మరికొందరంటారు. ఆమెనడిగే ధైర్యం ఎవరికుంది?

ఇక అసలు సంగతికొద్దాం. రెండో విడత కరోనా వచ్చిన ఎండాకాలం అది. నజీర్ ట్రాలీ ఆటోలో మిరపకాయ టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని గుంటూరు వెళ్ళొచ్చేవాడు. ఓసారి వచ్చాక జ్వరం పట్టుకుంది. పరీక్ష చేస్తే కరోనా అని తేలింది. ఒంగోలు తీసుకెళ్ళారు. ఇంట్లో మిగిలింది మస్తాన్‌బీ, నజీర్ కూతురు నగ్మా. నగ్మాకి పదిహేనేళ్ళు, పదో తరగతి. ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడే తల్లి గుల్షన్ కామెర్లతో పోయింది. అప్పట్నుంచీ నాయనమ్మ చేతి కిందే పెరిగింది. ఇద్దరికీ పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఆ లేదన్నమాట ఊళ్ళో ఎవరికి కావాలి?

అంబులెన్సు మలుపు తిరిగిందో లేదో, వీధి అవతల ఎదురింటి అంకమ్మరావు ట్రాక్టరు కట్టి సర్కారు తుమ్మ కంప ఈడ్చుకొచ్చాడు. మస్తాన్‌బీ ఇల్లున్న సందు మొదట్లో అడ్డంగా పడేశాడు. పక్కనున్న నలుగురూ తలా ఒక చెయ్యి వేశారు. పశువులు చేలో పడకుండా వేస్తారే, అచ్చం అలాగే నిలువెత్తున వేశారు. సందులో ఉన్నది ఒక్కటే ఇల్లు.

"ఒరేయ్ అంకమ్మరావూ! నీ కూతురికి ఉయ్యాల్లో వేసిన పరుపు ఈ చేత్తో కుట్టానురా! నీ చేతులు పడిపోను!" అని అరిచింది మస్తాన్‌బీ కంప ఇవతలనుంచి.

"ఊరి మంచికే గదా మస్తానమ్మా. పద్నాలుగు రోజులు ఓపిక పట్టు," అన్నాడతను మూతికి తువ్వాలు చుట్టుకుని.

పద్నాలుగు కాస్తా ఇరవై రెండయ్యాయి. పాలప్యాకెట్టు కంప మీదుగా విసిరేవాళ్ళు. సగంసార్లు ముళ్ళకి తగిలి చిరిగి మట్టిపాలయ్యేది. రంజాన్ పండగ ఆ కంప వెనకే గడిచిపోయింది. ప్రతి ఏడూ ఎదురింటికి వెళ్ళే గిన్నెడు సేమ్యా ఆ ఏడు వెళ్ళలేదు. ఆశా కార్యకర్త గురవమ్మ ఒక్కతే కంప పక్కన వంగి దూరి లోపలికొచ్చేది. చీర చింపుకుని వచ్చిన ఆ మనిషిని కూడా, ఆలస్యంగా వచ్చావని తిట్టింది మస్తాన్‌బీ. గోరుచుట్టు మీద రోకటిపోటులా నీ నోరొకటమ్మా నాకు అని గురవమ్మ నెత్తి కొట్టుకునేది. అయినా మర్నాడు వచ్చేది.

నజీర్ సగానికి సగం చిక్కిపోయి ఇల్లు చేరాడు. కంప తీసేశారు. ఊరు తన దోవన తను పడింది. నగ్మా మాత్రం కొద్దిరోజులకే బయటికి రావడం మానేసింది.

ఆ పిల్ల క్లాసులో ఫస్టూ కాదు, లాస్టూ కాదు. కబుర్లలో మాత్రం ఫస్టు. అంకమ్మరావు కూతురు శ్రీరమ్యా, ఈ పిల్లా అంగన్‌వాడీ నుంచీ ఒక పలక మీద రాసుకున్నవాళ్ళు. ఇద్దరూ కలిస్తే మన మాట మనకి వినపడేది కాదు. అలాంటిది గోడవైపు తిరిగి పడుకుని లేవడం మానేసింది. పిలిస్తే ఊఁ అనదు. ముందర పెట్టిన కంచంలో అన్నం ఎండిపోయేది. తల అట్టలు కట్టింది. పరీక్షలు ఇదిగో అదిగో అని చివరికి రద్దు చేశారు. పాసైపోయావే అని నజీర్ మిఠాయి తెస్తే, దానికీ తల తిప్పలేదు.

మస్తాన్‌బీకి తెలిసిన వైద్యాలన్నీ చేసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది. అవేవీ పనిచెయ్యకపోయేసరికి తనకి బాగా తెలిసిన వైద్యం మొదలుపెట్టింది.

"ఏందే, మహారాణివా? నీకు మూడుపూటలా పళ్ళెం అందించడానికి నేను నీ బాందీనా? లే! దున్నపోతు మీద వాన కురిసినట్టు ఎన్ననినా కదలదే!"

"వదిలెయ్ అమ్మా. స్కూళ్ళు తెరిస్తే అదే సర్దుకుంటది," అనేవాడు నజీర్.

ఊరు ఊరుకుంటుందా! ఆ పిల్లకి ఎవడితోనో ఏదో ఉందిట, అందుకే తండ్రి బయటికి రానివ్వడం లేదుట అని బోరింగు దగ్గర గుసగుసలు. మస్తాన్‌బీ బోరింగు దగ్గరికెళ్ళి, అన్నవాళ్ళనీ విన్నవాళ్ళనీ కలిపి ఉతికి ఆరేసింది. ఇంటికొచ్చి ఆ కోపం పిల్లమీద చూపించింది. నీ మూలంగా ఎన్ని మాటలు పడుతున్నానో చూడవే అని. ఇది ఆమె చేసిన తప్పు. తరవాత తనే ఒప్పుకుంది.

ఆషాఢం వచ్చింది. ఓ రోజు పొద్దున్నే ఆమెకి ఒక ఆలోచన తట్టింది. పరుపులు కుట్టేదానికి తప్ప ఇంకొకరికి తట్టని ఆలోచన. ఈ బద్ధకమంతా పరుపు వల్లే! మెత్తగా ఉంది గనకే పొర్లుతోంది. లాగేస్తే నేలమీద ఎన్నాళ్ళు పడుకుంటుంది? ఒళ్ళు నొప్పులు పుట్టి అదే లేస్తుంది.

అనుకున్నదే తడవు లోపలికెళ్ళి, పిల్ల పడుకుని ఉండగానే పరుపు కొస పట్టుకుని లాగింది.

రెండు నెలలుగా ఊఁ అనని పిల్ల పులిలా లేచింది. "ముట్టుకోవద్దు! నాయనమ్మా, దాన్ని ముట్టుకోవద్దు!" అని కేకలు పెట్టి రెండో కొస పట్టుకుంది. గోళ్ళతో నాయనమ్మ చెయ్యి రక్కింది. మస్తాన్‌బీకి కోపంలో కూడా సంతోషం వేసింది, హమ్మయ్య, దీనికి గొంతు ఉందని. వయసు అరవై దాటినా దూది బాదిన చేతులవి. ఒక్క గుంజు గుంజి పరుపుని ముంగిట్లో ఎండలో పడేసింది.

లాగిందాన్ని ఎలాగూ విప్పి ఎండబెడదామని అంచుమీద వేలు పెట్టి కుట్టు వెతికింది. వేలు జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది.

అక్కడ జానెడు మేర కుట్టు కుడికి వాలి ఉంది.

తన కుట్టు కాదు. నగ్మా కుట్టు. దబ్బనం పట్టడం తనే నేర్పింది, కానీ పిల్లది కుడిచెయ్యి. మస్తాన్‌బీ కత్తెర కోసం కూడా లేవలేదు. పళ్ళతో దారం కొరికి, చెయ్యి లోపలికి పెట్టింది. దూది, దూది, దూది. తరవాత చల్లగా గట్టిగా తగిలింది. బయటికి తీసింది. సగం వాడిన పురుగుమందు సీసా. మూత బిగించే ఉంది. అయినా వాసన వచ్చింది, ఇరవై మూడేళ్ళ కిందటి వాసన.

నగ్మా గుమ్మంలో నుంచుని ఉంది. మస్తాన్‌బీ చెయ్యి పైకి లేచింది. చెంప పగలగొట్టడానికే లేచింది, అందులో దాపరికం లేదు. లేచిన చెయ్యి లేచినట్టే ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్న బుడే వీపు కళ్ళముందు కనపడింది.

చెయ్యి దించి, పరుపు మీద కూలబడింది.

"చచ్చిపోదామనుకున్నావా?"

పిల్ల ఉలిక్కిపడింది. ఇంట్లో ఎవరూ ఆ మాట నోటితో అనగా వినలేదు.

"ఊఁ."

"ఇప్పుడు కూడా ఉందా ఆ బుద్ధి?"

"ఒక్కోసారి," అంది.

"ఏమైందో చెప్పు. తిట్టను."

"నువ్వు తిట్టకుండా ఉండలేవు నాయనమ్మా."

"సరే, తిడతాను. నిన్ను కాదు. ఎవర్ని తిట్టాలో చెప్పు."

అప్పుడు ఏడ్చింది పిల్ల. ఏడుస్తూ చెప్పింది. కంప వేసిన రోజు క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కంప వెనక తమ ఇల్లు, మీద 'కరోనా నగ్మా జూ' అని రాసి ఉంది. కింద ముప్పైమంది నవ్వు బొమ్మలు. ఆ ఫొటో అంకమ్మరావు డాబా మీద నుంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ తీయడానికి వీల్లేదు. ఆ డాబా ఎక్కేది శ్రీరమ్యే. కంప తీసేశాక ఓ సాయంత్రం, ఎందుకు చేశావే అని అడుగుదామని వెళ్ళింది. రమ్య తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చూసి పరదా వేసేసుకుంది. తిరిగొస్తూంటే అంకమ్మరావు పశువుల కొట్టం గూట్లో ఈ సీసా కనపడింది.

"నాయన ఆసుపత్రిలో ఉంటే కూడా నవ్వారు నాయనమ్మా," అంది నగ్మా. "నాతో ఎవరూ మాట్లాడలా. నువ్వు కూడా తిట్టడమే గానీ మాట్లాడలా."

ఆ చివరి మాట మస్తాన్‌బీకి సూటిగా తగిలింది.

నజీర్‌ని కేకేసింది. సీసా చూపించింది. అతను గుమ్మానికి తల ఆనించి ఏడుపు మొదలుపెట్టాడు.

"ఏడుపు తరవాత. దీని పక్కనే కూర్చో. నేనొచ్చేదాకా దీన్ని వదిలి కదిలావో, కాళ్ళు విరగ్గొడతా," అని చెప్పి, సీసా కొంగులో చుట్టుకుని వీధి దాటింది.

అంకమ్మరావు భార్య కోటిరత్నం వాకిలి ఊడుస్తోంది. ఆమె నోరు కూడా తక్కువదేం కాదు. మస్తాన్‌బీని ఇన్నేళ్ళూ అత్తా అత్తా అని పిలిచిన మనిషి, కంప పడ్డ రోజునుంచీ మొహం చాటేస్తోంది.

"ఇది మీదేనా?" అని సీసా గడపమీద పెట్టింది మస్తాన్‌బీ.

కోటిరత్నం చూసి చీపురు వదిలేసింది. "ఇదెట్టా వచ్చింది నీ దగ్గరికి?"

"నా మనవరాలి పరుపులోంచి వచ్చింది. మీ కొట్టంలోంచి తెచ్చుకుంది, తాగడానికి."

కోటిరత్నం మొహం తెల్లబోయింది. భయమేసినప్పుడు అరిచే మనుషులుంటారు. ఆమె ఆ జాతి. "అయితే మాదా తప్పు? మా కొట్టంలో దూరి దొంగతనం చేసి, పైగా మా మీదకొస్తన్నావా? రేపు ఏదన్నా అయితే మా మీదకు నెట్టడానికా?"

"దొంగతనమే. పోలీసుల్ని పిలువు పో! కంప వేసినప్పుడు మీ తప్పు కాదు, ఫొటో తీసినప్పుడు మీ తప్పు కాదు, పిల్ల చెయ్యి అందే గూట్లో విషం పెట్టుకున్నా మీ తప్పు కాదు. తప్పంతా కంప ఇవతల వాళ్ళదే!"

గోలకి అంకమ్మరావు బయటికొచ్చాడు. "పొద్దున్నే ఏంది ఈ రచ్చ?"

"నువ్వు మాట్లాడమాక. నీతో మాట్లాడటానికి రాలా," అని అతన్ని ఈగని తోలినట్టు తోలేసి, మళ్ళీ కోటిరత్నం వైపు తిరిగింది. "మీ రమ్య ఏదే?"

"లోపలుంది. చదువుకుంటంది."

"పరీక్షలు లేవుగా, ఏం చదువుతంది? తలుపేసుకునా? ఎన్నాళ్ళైందే అది వీధి మొహం చూసి? అన్నం తింటందా?"

అంకమ్మరావు పెళ్ళాం మొహంకేసి చూశాడు.

"మా పిల్ల సంగతి నీకెందుకు? నీ పిల్లని నువ్వు చూసుకో!" అని కోటిరత్నం దఢాల్న తలుపేసింది. మస్తాన్‌బీ ఆ తలుపుతోనే మాట్లాడింది. "నేనూ ఇట్టాగే అనుకున్నానే! పడుకుందిలే అనుకున్నా! వింటన్నావా?"

అక్కణ్ణుంచి తిన్నగా గురవమ్మ ఇంటికి. గురవమ్మ ఈసారి నెత్తి కొట్టుకోలేదు. ఫోను తీసి ఎవరెవరితోనో మాట్లాడింది. సాయంత్రానికి ఒంగోలు నుంచి ఒక డాక్టరమ్మ ఫోన్లో నగ్మాతో ముప్పావుగంట మాట్లాడింది. రెండు రోజుల తరవాత నజీర్ ఆటోలో ముగ్గురూ ఆమె దగ్గరికి వెళ్ళారు. మస్తాన్‌బీ డాక్టరమ్మతో కూడా గొడవ పెట్టుకుంది.

"నా మనవరాలికి పిచ్చి లేదు. ముందు ఆ ముక్క కాయితం మీద రాయి," అంది.

"పిచ్చని ఎవరన్నారండీ? దెబ్బ తగిలితే కాలు వాచినట్టు, మనసుకీ దెబ్బ తగిలింది. మందులు వాడాలి, మాట్లాడాలి, కొన్నాళ్ళు ఒంటరిగా వదలకూడదు," అంది డాక్టరమ్మ. "ఇంకో మాట. మీరు సూటిగా అడిగారు చూడండి, చచ్చిపోదామనుకున్నావా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదండీ. ఉన్నది బయటికొస్తుంది. మంచిపని చేశారు."

మస్తాన్‌బీ మొహం పక్కకి తిప్పుకుంది. మెచ్చుకోలు పడదు ఆమెకి.

ఇంటికొచ్చాక ఊరిమీద పడింది. దూది సామాను దాచుకునే పెద్ద ఇనప పెట్టెని ఖాళీ చేసి, నజీర్ చేత ఊరి చివరి పొగాకు కాల్చే పాత బ్యారన్‌లో పెట్టించింది. తాళాలు రెండు, ఒకదాని చెవి తన దగ్గర, రెండోదాని చెవి గురవమ్మ దగ్గర. తరవాత అందులో పెట్టించడానికి ఊళ్ళో మందు డబ్బాల కోసం గడపగడపకీ వెళ్ళింది. గూట్లో, మంచం కింద, బియ్యం డబ్బా పక్కన, ఎక్కడ పురుగుమందు కనపడితే అక్కడ తిట్లు.

"పిల్లలు తిరిగే కొంపలో దీన్ని ఉప్పు పప్పు పక్కన పెట్టుకున్నావు, నీకు బుద్ధుందా? ఇటియ్యి!"

"మా మందు మేం తెచ్చుకోడానికి నీ దగ్గర తిట్లు తినాలా మస్తానమ్మా?"

"తిను! తిట్లు తిని ఎవడూ చావలేదు!"

సగంమంది ఆమె నోటికి జడిసి ఇచ్చారు. మిగతా సగంమంది ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళ ఇంటికి రోజూ వెళ్ళింది. పరుపు కుట్టనంది, విప్పిన పరుపుల్ని ఏకకుండా దూది మూటగట్టి తిప్పి పంపింది. నడుములు నొప్పి పుట్టాక వాళ్ళలోనూ కొందరు దారికొచ్చారు. అంకమ్మరావు ఇంటికి మాత్రం వెళ్ళలేదు. ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

నగ్మా ఒక్కరోజులో బాగుపడిందని చెప్తే అది అబద్ధం. కొన్ని రోజులు లేచేది, కొన్ని రోజులు లేచేది కాదు. లేచిన రోజున మస్తాన్‌బీ పక్కన కూర్చుని పరుపు రెండో కొస కుట్టేది. ఒక అంచున ఎడమకి వాలిన కుట్టు, ఇంకో అంచున కుడికి వాలిన కుట్టు. చూడ్డానికి అసహ్యంగా ఉందని మస్తాన్‌బీ సణిగేది గానీ విప్పేది కాదు. రోజుకొకసారి, దబ్బనంలో దారం ఎక్కిస్తూ, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడిగేది.

"ఇయ్యాల ఉందా ఆ బుద్ధి?"

"లేదు."

"రేపు వస్తే?"

"నీకు చెప్తా."

"ఊఁ. సరిగ్గా లాగు దారం. ఎద్దుకి ముకుతాడు వేస్తన్నావా?"

అలా పది రోజులు గడిచాక, మిట్టమధ్యాహ్నం, ఎండ మాడు పగలగొడుతుంటే, కోటిరత్నం సందులోకి వచ్చింది. ఒకప్పుడు కంప పడ్డ చోట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. నెత్తిమీద పరుపు ఉంది. తెచ్చి మస్తాన్‌బీ ముందర దించింది.

మస్తాన్‌బీ ఆ పరుపుకేసి చూసింది. శ్రీరమ్యది. కిందటేడు తనే కుట్టింది.

"దీనికి అప్పుడే ఏకుడు అక్కర్లేదు. ఇంకా రెండేళ్ళాగుతుంది. తీసుకుపో," అంది.

"ఏకడానికి తేలా," అంది కోటిరత్నం. "కుట్టు చూడు."

నగ్మా దబ్బనం ఒళ్ళో పెట్టేసింది.

మస్తాన్‌బీ వెళ్ళిపొమ్మందామనుకుంది. నాలిక చివరిదాకా వచ్చింది. నా పిల్లకి కంప వేశారు, మీ పిల్లకి నా వేలు కావాల్సొచ్చిందా అని. అనాల్సిన మాటే అది. కానీ అప్పటికే వేలు పరుపు అంచుమీద ఉంది. చిన్నగా జరుగుతోంది. ఎడమకి, ఎడమకి, ఎడమకి. ఒక వైపు అయింది. రెండో వైపు అయింది. కోటిరత్నం ఆ వేలినే చూస్తోంది. మూడో వైపు మూల దగ్గర వేలు ఆగింది.

"ఇది నాది కాదు," అంది మస్తాన్‌బీ.

"అది... అది నేను కుట్టిందే అనుకుంటా. మొన్న చలికాలం ఎలక కొరికితే రెండు కుట్లు వేశా. నేనే. నేనే అనుకుంటా అత్తా."

"అనుకుంటే కుదరదు," అని మస్తాన్‌బీ దారం పళ్ళతో కొరికింది. చెయ్యి మణికట్టుదాకా లోపలికి పెట్టింది. ఈ మూల, ఆ మూల, అడుగున, పైన. చివరికి గుప్పెట బయటికి తీసి విప్పింది.

దూదే.

కోటిరత్నం నేలమీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "అది అన్నం తినటంలా అత్తా. ఆ ఫొటో తనే పెట్టిందంట. ఊరికే నవ్వులాటకి పెట్టానంది. నగ్మా సంగతి తెలిసిన రోజునుంచీ మాట కూడా లేదు. గోడవైపు తిరిగి పడుకుంటంది. నాకు భయమేస్తంది."

"పరుపులో లేదంటే తలలో లేదని కాదు. పోయి పిల్లని అడుగు."

"ఏమని అడగను?"

"చావాలనిపిస్తందా అని అడుగు."

"అట్టా ఎట్టా అడుగుతారు అత్తా! కన్నతల్లిని, నోటితో?"

"ఆ నోరు దేనికే నీకు? నన్ను తిట్టడానికేనా?" అని గద్దించింది మస్తాన్‌బీ. ఇంకా ఏదో అనబోయి ఆగింది. గుప్పెట్లో ఉన్న దూదిని నలుపుతూ, ఎవరి మొహమూ చూడకుండా అంది.

"నేను మా బుడేని అడగలా. నాలుగు రోజులు పడుకున్నాడు. తిట్టా గానీ అడగలా."

నజీర్‌కి కూడా తెలియని మాట అది. ఇరవై మూడేళ్ళలో ఇదే మొదటిసారి అనడం. నగ్మా జరిగి వచ్చి నాయనమ్మ మోకాలు మీద చెయ్యి వేసింది.

కోటిరత్నం లేచింది. పరుపు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా, ఎండలో ఇంటివైపు పరుగెత్తింది.

"పోతూ పోతూ మీ కొట్టంలో ఉన్న మందు డబ్బాలన్నీ బయట పెట్టించు! నజీర్ వస్తాడు!" అని వెనకనుంచి కేకేసింది మస్తాన్‌బీ. "కంప సంగతి నేను మర్చిపోలేదని మీ ఆయనతో చెప్పు!"

తరవాత దబ్బనంలో దారం ఎక్కించి, విప్పిన మూలని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.